గడ్డిని తాకిన బంతి

టెల్ఫర్, ఓక్లహామా
21 జులై 1957, ఆదివారం

ఓలీటా అక్కకి,

నీ పార్శిల్ అందింది. జులై నెలలో ఓక్లహామాకి ఊలు మేజోళ్ళు పంపించే మనిషివి లోకం మొత్తానికి నువ్వొక్కదానివే. ఇక్కడ ఎండ ఎలా ఉందంటే, మధ్యాహ్నం బేస్‌బాల్ ఆట ఉన్న రోజున మావాళ్ళు టోపీ కింద తడిపిన క్యాబేజీ ఆకు పెట్టుకుంటున్నారు. ఆట ముగిసేసరికి ఆకు ఉడికిపోతుంది. నిన్న లారిమోర్ దానిమీద ఇంత ఉప్పు జల్లుకుని తినేశాడు.

లారిమోర్ అంటే నా గదిలో ఉండే, బంతి విసిరే పిచర్. వయసు ముప్ఫై ఎనిమిది. జట్టులో నాకంటే పెద్దవాడు అతనొక్కడే. అతను ఉన్నంతకాలం నన్నెవరూ ముసలోడా అని పిలవరు. అందుకే రోజూ అతని భుజానికి నేనే తైలం రాసి మర్దనా చేస్తున్నాను. అది స్నేహమని అతను అనుకుంటున్నాడు.

సెంటర్ ఫీల్డ్‌లో, మైదానం దూరపు అంచున, నిలబడేవాడికి పనేమిటని చర్చిలో ఎవరో అడిగారని రాశావు. నిలబడటమే పని. రెండున్నర గంటల ఆటలో బంతి నా దాకా నాలుగుసార్లు వస్తే గొప్ప. మిగతా టైమంతా నేను మా వాళ్ళ వీపులు చూస్తుంటాను. పదకొండేళ్ళుగా వీపులే చూస్తున్నాను కాబట్టి ఎవడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో, ఎవడికి చెయ్యి నొప్పి పెడుతోందో, ఎవడు ఇవాళ బంతి తన దగ్గరికి రాకూడదని కోరుకుంటున్నాడో నాకు వాళ్ళ కంటే ముందే తెలిసిపోతుంది. మొహాలు చూసేది బస్సులోనే. అక్కడ అందరూ నిద్రపోతుంటారు.

నిన్న ఒక వింత జరిగింది. అంపైర్ హోలిస్ టాకెట్ నాతో మాట్లాడాడు. ఆటగాళ్ళు, అంపైర్లు ఒక హోటల్లో దిగరు, ఒక బల్ల దగ్గర తినరు, పలకరించుకోరు. నీకు తెలిసిందే. ఆయన ఆట అయ్యాక నా పక్కనుంచి పోతూ, నా వైపు చూడకుండానే, "నువ్వున్న రోజున నాకు సగం పని తగ్గుతుందయ్యా" అన్నాడు.

ఎందుకన్నాడంటే, మా లీగ్‌లో ఆటకి ఇద్దరే అంపైర్లు. కింద పడబోతున్న బంతికి నేను దూకితే, అది నేరుగా గ్లవ్‌లోకి వచ్చిందో, గడ్డిని తాకి వచ్చిందో వాళ్ళకి అంత దూరం నుంచి సరిగ్గా కనబడదు. అందుకని నన్ను చూస్తారు. పట్టుకుంటే గ్లవ్ పైకెత్తుతాను. గడ్డిని తాకితే ఎత్తను, లేచి బంతి విసిరేస్తాను. మిగతావాళ్ళు ఎలాగైనా ఎత్తుతారు. నమ్మితే నమ్మాడు, లేకపోతే లేదు. అందులో ఎవరూ తప్పు పట్టరు, అదీ ఆటలో భాగమే. నేను ఎత్తకపోవడం మంచితనం కాదు. మొదటి ఏడాది ఒకసారి ఎత్తి, నవ్వాపుకోలేక దొరికిపోయాను. అప్పటినుంచి ఎత్తడం మానేశాను. అది పేరయి కూర్చుంది.

ఇంకో సంగతి. మా పై జట్టు, అదే పెద్ద లీగ్ జట్టు, సెంటర్ ఫీల్డర్‌కి మోకాలు విరిగింది. వచ్చే నెల వాళ్ళ మనిషి ఒకడు మమ్మల్ని చూడటానికి వస్తున్నాడు. ముప్ఫై మూడేళ్ళవాణ్ణి ఎవరు పిలుస్తారు? అయినా సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క నెల పిలిస్తే చాలు. అక్కడ ఒక్క రోజు ఆడినవాడు చచ్చేదాకా పెద్ద లీగ్ ఆటగాడే. ఆడనివాడు ఎక్కడో బంతులేరుకున్నవాడు. అంతే తేడా.

బావ కలప డిపోలో ఉద్యోగం గురించి సెప్టెంబర్‌లో చెబుతాను. కోప్పడకు.

నీ తమ్ముడు
వెర్లిన్


ఆర్బర్ ఫోర్క్, నెబ్రాస్కా
28 జులై 1957

ఒరేయ్ వెర్లిన్,

మేజోళ్ళకి నవ్వుతావా? అక్టోబర్‌లో నువ్వెక్కడుంటావో నీకే తెలీదు, నాకెలా తెలుస్తుంది? ఉన్నచోటు తెలిసినప్పుడే పంపాను. పెట్టె అడుగున పడేసి ఉంచు.

ఇక్కడ మొక్కజొన్న మీ బావ నెత్తి దాటిపోయింది. ఆయన కాలి బొటనవేలి మీద దూలం పడింది. నాలుగు రోజులుగా కుర్చీలో కూర్చుని నాకు వంట నేర్పుతున్నాడు. ఆ వేలు తొందరగా నయమవ్వాలని ఆయనకంటే నేనే ఎక్కువ ప్రార్థిస్తున్నాను.

నీ గ్లవ్ కథ ఆయనకి చదివి వినిపించాను. "వీడు వ్యాపారానికి పనికిరాడు" అన్నాడు. అంటూనే "డిపో తాళాలు మాత్రం వీడికే ఇవ్వచ్చు" అన్నాడు. సెప్టెంబర్ దాకా ఆగుతాడట. తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. పన్నెండేళ్ళు మనమిద్దరం ఊళ్ళు వేరై బతికాం, ఇక చాలనిపిస్తోందిరా. కానీ ఆ పెద్ద లీగ్ మాట చదివాక నేను కూడా మీ బావతో "ఆగండి, వాణ్ణి ఆడనివ్వండి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను, చూశావా?

నీ టెల్ఫర్ పేపర్ నాకు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆటల పేజీ చదివి, మిగతాది ఊరగాయ సీసాల కింద వేస్తాను. పెద్ద లీగ్ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పనులే. క్లైడ్ మంగలిషాపులో మాత్రం చెప్పాను, క్లైడ్ ఎవరికీ చెప్పడు.

ఉప్పేసుకుని క్యాబేజీ తిన్న ఆయన్ని అడిగానని చెప్పు.

ఓలీటా


బస్సులో, కాన్సస్
12 ఆగస్టు 1957

అక్కా,

క్లైడ్‌కి చెప్పావంటే ఇక పేపర్లో వేయించనక్కర్లేదు.

నిన్న కెర్న్ సిటీలో గెలిచాం, అయిదుకి నాలుగు. చివరి బంతి నా దగ్గరికే వచ్చింది. టాకెట్ ఔటిచ్చాడు. వాళ్ళ జనం "గుడ్డోడా! గుడ్డోడా!" అని అరుస్తూ కూర్చునే మెత్తలన్నీ మైదానంలోకి విసిరారు. మా రైట్ ఫీల్డర్ లాసారో ఒక మంచి మెత్త ఏరుకుని బస్సులోకి తెచ్చుకున్నాడు. క్యూబావాడు. ఇంగ్లిష్ ముప్ఫై మాటలు వచ్చు, అందులో పది తిట్లు. కెర్న్ సిటీ హోటల్లో అతన్ని ఉండనివ్వరు, ఒంటి తెలుపు చాలదట. ఊరవతల ఎవరో చాకలి ముసలావిడ ఇంట్లో దింపుతాం. పొద్దున బస్సు ఎక్కేటప్పుడు మా అందరికంటే అతని చొక్కానే మడత నలగకుండా ఉంటుంది. ఆ మెత్త తల కింద పెట్టుకుని ఇప్పుడు గుర్రు పెడుతున్నాడు.

లారిమోర్ రెండు గంటలనించి నా వైపే చూస్తున్నాడు. "ఏంట్రా?" అంటే "ఏం లేదు" అంటాడు.

పై జట్టు మనిషి ఆట చూశాడు. చెయ్యి కలిపాడు. అతని చేతికి వేరుశెనగ పొట్టు అంటుకుని ఉంది.

దారి గతుకులుగా ఉంది, రాయడం కుదరటం లేదు.

వెర్లిన్


ఆర్బర్ ఫోర్క్
18 ఆగస్టు 1957

ఒరేయ్ దొంగా!

"చివరి బంతి నా దగ్గరికే వచ్చింది" అట! వేరుశెనగ పొట్టు గురించి రాయడానికి చోటుందిగానీ, దీని గురించి రాయడానికి లేదా? పేపరు నిన్న వచ్చింది. మొదటిసారి నిలబడే చదివేశాను. రెండోసారి మీ బావకి చదివాను. మూడోసారి చదువుతుంటే కన్నీళ్ళొచ్చి సగంలో ఆపాను. "ఇద్దరు పరుగుకి సిద్ధంగా ఉండగా, ఇద్దరు ఔటై ఉండగా, హాస్కెట్ గాలిలో అడ్డంగా పడుకుని, గడ్డికి జానెడు ఎత్తున బంతి అందుకుని, దొర్లి, మోకాళ్ళ మీద లేచి గ్లవ్ పైకెత్తాడు. ఈ లీగ్ చూసిన అన్నిటిలోకి గొప్ప క్యాచ్." అచ్చులో ఉందిరా! మన ఇంటిపేరు!

ఇవాళ చర్చిలో పాస్టర్‌గారు ప్రసంగం మధ్యలో నీ పేరెత్తారు. క్లైడ్ ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన గోడకి అంటించాడు. క్షవరానికి వచ్చినవాళ్ళు తల కదలకుండా కూర్చుని చదువుకుంటున్నారట. నేను రెండు యాపిల్ పైలు చేసి పంచిపెట్టాను. మీ బావ ఒంటికాలి మీద వీధిచివరిదాకా వెళ్ళి, కనబడ్డవాడికల్లా చెప్పి వచ్చాడు.

నువ్వు నోరు విప్పకపోవడానికి కారణం నాకు తెలుసులే. పిలుపు వచ్చేదాకా చెబితే దిష్టి తగులుతుందని. సరే, నేనూ అడగను.

గడ్డి మీద దొర్లావు కదా, భుజం ఎలా ఉంది?

అక్క


టెల్ఫర్
27 ఆగస్టు 1957

అక్కా,

పిలుపు వచ్చింది. సెప్టెంబర్ రెండున ఇక్కడ ఆఖరి ఆట. మూడున రైలు.

నిన్న మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. చెప్పి, ఒక చుట్ట ఇచ్చాడు. నేను కాల్చనని ఆయనకి ఏడేళ్ళుగా తెలుసు. తీసుకున్నాను. బయటికి వస్తే మావాళ్ళు నా బూట్లలో షేవింగ్ క్రీమ్ నింపి ఉంచారు. అది మా అభినందన పద్ధతి. లాసారో మాత్రం దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంత మంచిమాటలు నాతో ఎవరూ అనలేదనిపించింది.

కెర్న్ సిటీ పేపరువాళ్ళు ఆ బంతి ఫోటో వేశారు. దానిమీద కొంత గోల అయింది. టాకెట్ ఇప్పుడు లేడు. ఆయన స్థానంలో కొత్తవాడొచ్చాడు. లీగ్ ఇంటికి పంపేసిందని అంటున్నారు. ఇరవై రెండేళ్ళు చేశాడట.

క్లైడ్ షాపులోంచి ఆ కాగితం తీయించు అక్కా. పైలు చేయడం కూడా ఆపు. నలుగురిలో ఆ మాట ఎత్తవద్దు. ఇది నా కోరిక అనుకో.

భుజం బాగానే ఉంది.

వెర్లిన్


ఆర్బర్ ఫోర్క్
2 సెప్టెంబర్ 1957

వెర్లిన్‌కి,

నీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. పెద్ద లీగ్ అనగానే కళ్ళు నెత్తికెక్కాయా? క్లైడ్ షాపు గోడ ఇప్పుడు నీ స్థాయికి తగ్గిపోయిందా? ఆ క్లైడే కదరా, నీకు పదేళ్ళప్పుడు తన పాత గ్లవ్ ఇచ్చింది? నేను తీయించను. కావాలంటే నువ్వే వచ్చి, క్లైడ్ మొహం చూస్తూ తీసుకుపో.

రెండు రోజులు నీమీద కోపంతో ఉడికిపోయాను. మూడోరోజు మీ బావ అన్నాడు, "అది కాదే, ఆ అంపైర్ సంగతి మళ్ళీ చదువు" అని. చదివితే విషయం అర్థమయింది. ఆ టాకెట్ నీ క్యాచ్ క్యాచే కాదని ఎక్కడో వాగి ఉంటాడు. ఔటిచ్చి, జనానికి భయపడి మాట మార్చి ఉంటాడు. అందుకే లీగ్ పంపేసింది. అందుకే నువ్వు చిన్నబుచ్చుకుని ఆ మాటే ఎత్తొద్దంటున్నావు. ఇంత అవమానం జరిగితే అక్కకి చెప్పుకోవద్దూ?

నువ్వు చెప్పకపోయినా నేను ఊరుకుంటానా? లీగ్ ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. మా తమ్ముడు పట్టని బంతిని పట్టానని పదేళ్ళుగా ఎన్నడూ చెప్పలేదు, వాడు గ్లవ్ ఎత్తాడంటే బంతి గడ్డిని తాకలేదనే అర్థం, తాకిందని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పరీక్ష చేయించుకోవాలి అని రాశాను. దాన్ని ఆ టాకెట్‌కి కూడా చూపించమన్నాను. పాస్టర్‌గారి చేత సాక్షి సంతకం పెట్టించాను.

ఇప్పుడు మనసు తేలికపడిందా? బాగా ఆడు. కడుపునిండా తిను.

అక్క


ఫిలడెల్ఫియా, హోటల్లో
12 సెప్టెంబర్ 1957

అక్కా,

నీ ఉత్తరం మూడు ఊళ్ళు తిరిగి నిన్న చేరింది.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను, తర్వాతది రాయడానికి ధైర్యం చాలడం లేదు. ఎనిమిదిసార్లు బ్యాట్ పట్టాను, రెండు కొట్టాను. ఇక్కడ గడ్డి తివాచీలా ఉంది, గులకరాయి ఒక్కటి లేదు. బట్టలు మనమే ఉతుక్కోనక్కర్లేదు. నా పక్క అలమారావాడు నా పేరు వెర్నన్ అనుకుంటున్నాడు, నేను సరిదిద్దలేదు. వీపులు ఇక్కడా వీపులే. ఆట మొదలయ్యే ముందు నలభైవేలమంది లేచి నిలబడతారు.  నేను కోరుకున్నది ఇదే. అచ్చం నేను అనుకున్నట్టే ఉంది. అదే వచ్చిన బాధ.

ఆ బంతి గడ్డిని తాకింది.

నా గ్లవ్‌కి రెండు వేళ్ళ ముందు పడి, ఎగిరి, లోపలికొచ్చింది. దొర్లుతున్నప్పుడే తెలుసు. లేచి విసరాలి. చెయ్యి అలవాటు ప్రకారం విసరడానికే లేచింది కూడా. పై జట్టు మనిషి మూడో వరసలో తెల్లటోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ టోపీ కనబడింది. గ్లవ్ ఎత్తేశాను. టాకెట్ నా మీదికే పరిగెత్తుకొస్తున్నాడు, అడుగులు తడబడ్డాయి, ఒక్క క్షణం ఆగాడు. నా మొహం వంక చూశాడు. పిడికిలెత్తి ఔట్ అన్నాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

లారిమోర్‌కి నా వాలకం చూసే తెలిసిపోయింది. ఫోటో వచ్చాక వాడితో అన్నాను, లీగ్‌కి చెప్పేస్తానని. "చెప్పి? నువ్వు ఎత్తావు, ఆయనిచ్చాడు, రాసేసుకున్నారు. ఇరవైమందిమి చెమటోడ్చి గెలిచింది నీ ఒక్కడి మనశ్శాంతి కోసం వాపసిస్తావా? నోర్మూసుకుని రైలెక్కు" అన్నాడు. మాలో ఎవర్నడిగినా అదే అంటారు. అంపైర్ తప్పు అంపైర్‌దే. ఆటగాడు ఒప్పుకోవడమనేది లేదు. పదకొండేళ్ళుగా నేనూ ఈ మాట ఇతరులతో అన్నాను. కాకపోతే ఇతరుల్ని ఏ అంపైరూ నమ్మడు. నన్ను నమ్మాడు. తేడా అంతా అక్కడుంది.

నీకు చెప్పకపోవడానికి కారణం దిష్టీ కాదు, పొగరూ కాదు. నువ్వు మూడోసారి చదివి ఏడ్చానని రాశావు. ఆ తర్వాత ఎలా చెప్పను?

నువ్వు లీగ్‌కి మూడు పేజీలు రాశావు. అందులో ఒక్క మాట కూడా నువ్వు అబద్ధం రాయలేదు. అబద్ధమంతా నాదే.

వెర్లిన్


ఆర్బర్ ఫోర్క్
17 సెప్టెంబర్ 1957

వెర్లిన్,

కాగితం నేనే వెళ్ళి తీసేశాను. క్లైడ్ ఎందుకని అడిగాడు. చెప్పాను. షాపులో నలుగురున్నారు, నలుగురి ముందూ చెప్పాను. క్లైడ్ సబ్బు నురగ చేతులతో అలాగే నిలబడిపోయాడు. పాస్టర్‌గారికీ చెప్పాను. నాచేత సంతకం ఎందుకు పెట్టించావమ్మా అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నామీద నీకు కోపం వస్తే రానీ. నువ్వు చేసింది ఒక్క క్షణంలో చేశావు, అది నేను అర్థం చేసుకోగలను. పదకొండేళ్ళు ఎదురుచూసినవాడి కళ్ళముందు ఆ టోపీ అలా కూర్చుంటే ఎవడైనా ఎత్తుతాడు. కానీ తర్వాత నెల రోజులున్నాయిరా. ప్రతిరోజూ పొద్దున్నే లేచి, చెప్పకూడదని అనుకుని, చొక్కా తొడుక్కున్నావు. అది నాకు మింగుడు పడటం లేదు.

ఇంక నావంతు. నేను ఒక ముక్కూ మొహం తెలియని మనిషిని గుడ్డివాడన్నాను. మూడు పేజీల్లో అన్నాను. లీగ్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది, నా కోరిక ప్రకారం ఉత్తరాన్ని మిస్టర్ టాకెట్‌కి పంపించామని. 

ఆయనకి మళ్ళీ ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఇది ఉత్తరాలతో తేలేది కాదు. నువ్వు వెళ్ళు. చేతిరాత వెనక దాక్కోకుండా మనిషివి వెళ్ళి గుమ్మం ముందు నిలబడు. నా మాట కూడా నువ్వే చెప్పు.

అంతవరకు డిపో ఉద్యోగం మాట ఎత్తకు. మీ బావ సరేనన్నా నేను ఒప్పుకోను.

ఓలీటా


లిటిల్ రాక్, ఆర్కెన్సా, బస్టాండులో
8 అక్టోబర్ 1957

అక్కా,

వెళ్ళొచ్చాను.

ఆయన ఊరు ఇక్కడికి అరవై మైళ్ళు. చెరకు పానకం కాచే ఊరు, గాలంతా తియ్యగా వాసనేస్తోంది. ఇల్లు అడిగితే దుకాణంలోని ఆమె, "కళ్ళు పోయిన అంపైర్‌గారా?" అంది.  గుడ్డివాడయ్యాడా అన్నాను. "ఏమో బాబూ, నడుస్తాడు, చేస్తాడు. కారు మాత్రం తోలడు. కళ్ళు చెడ్డాయంటాడు" అంది.

తలుపు తీసింది ఆయన భార్య మే. నా పేరు చెప్పాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వసారాలో ఆయన చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. చేతులతో తడిమి ఒలుస్తున్నాడు, కాయల వైపు చూడటం లేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని టోపీ లేకుండా చూసినవాణ్ణి మా లీగ్‌లో నేనే మొదటివాణ్ణేమో. నుదురు సగందాకా తెల్లగా ఉంది.

దారిపొడవునా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిస్తే ఒకే ముక్క వచ్చింది. "ఆ బంతి గడ్డిని తాకింది సార్."

ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ చెప్పు."

"తాకింది. నాకు అప్పుడే తెలుసు. అయినా ఎత్తాను."

"ఎంత ముందు?"

"రెండు వేళ్ళు."

"రెండు వేళ్ళు," అన్నాడు. "కుడివైపు. గడ్డి పరక ఒకటి లేచింది."

అక్కా, ఆయన చూశాడు. పరిగెత్తుతూనే స్పష్టంగా చూశాడు. కాదని చెప్పడానికి చేతులు కూడా విప్పబోయాడట. అంతలో నా గ్లవ్ లేవడం చూసి, తన కళ్ళే మోసం చేశాయనుకున్నాడు. లీగ్ ఆయన్ని పంపెయ్యలేదు. ఫోటో గురించి సంజాయిషీ అడిగారు, అంతే. ఆయన ఫోటో చూసి తను చూసిందే నిజమేమో అని నాలుగు రోజులు తన్నుకున్నాడట. అంతలో నా మొహం గుర్తొచ్చేదట. తానే రాజీనామా రాసి పంపాడు. రెండు ఊళ్ళలో ఇద్దరు డాక్టర్లు కళ్ళు బాగున్నాయన్నారు. నమ్మలేదు. నీ ఉత్తరం వచ్చాక, తను చూసిందే నిజమేమోనన్న ఆ కాస్త అనుమానం కూడా పోయిందన్నాడు. అంత గట్టిగా ఎవరూ అబద్ధం రాయరు కదా అన్నాడు. నీ క్షమాపణ చెప్పాను. తలాడించాడు.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు, "ఊరూరా జనం నన్ను గుడ్డోడా అన్నారు. రోజూ అన్నారు. ఒక్కనాడు కూడా పట్టించుకోలేదు. నువ్వు గ్లవ్ ఎత్తావు, నమ్మాను."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా నిలబడేవాణ్ణి. ఆయన కోపం తెచ్చుకోలేదు. నేనే ఏడ్చాను, దాచడమెందుకు.

ఇదంతా కాగితం మీద రాసిస్తానన్నాను. లీగ్‌కి, రెండు ఊళ్ళ పేపర్లకి. అది అచ్చయితే వసంతంలో నన్ను పై జట్టువాళ్ళే కాదు, టెల్ఫర్‌వాళ్ళు కూడా పిలవరు. ఒప్పుకున్న ఆటగాణ్ణి ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. అది ఆయనకీ తెలుసు. వద్దనలేదు. కలం తెచ్చిచ్చాడు. మూడు ప్రతులు రాశాను. మళ్ళీ ఆ పనికి వెళతారా అని అడిగితే, "అది నేనూ లీగూ చూసుకుంటాం" అన్నాడు. నాకు చెప్పాల్సిన అవసరం లేదు కదా, నిజమే.

అప్పుడు లేచి లోపలికి వెళ్ళాడు. "మే! నేను చూసింది నిజమేనటే! తాకిందట!" అన్నాడు. ఆవిడ ఏమందో వినబడలేదు.  బయటికి వచ్చేటప్పుడు ఆయన చేతిలో కారు తాళాలున్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంటోంది. నా వైపు చూడలేదు. చూస్తే ఆ చూపు తట్టుకోలేకపోయేవాణ్ణి.

"బస్సు ఆగేచోట దింపుతా, పద" అన్నాడు ఆయన.

నాలుగు మైళ్ళు.  దారిలో కనబడిన ప్రతి బోర్డునూ పైకి చదివాడు. వంతెన ఇరుకు. గుడ్లు అమ్మబడును. బాప్టిస్టు చర్చి, అందరూ రండి. కుక్క ఉన్నది. ఒక్కోటి చదివి, దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, సరిగ్గా చదివానా అని చూసుకుంటున్నాడు. అన్నీ సరిగ్గానే చదివాడు.

రోడ్డు కూడలిలో కారు దిగాం. చెయ్యి కలపలేదు. నేను చాచనూ లేదు. పక్కపక్కన నిలబడి రోడ్డు చివరికి చూస్తున్నాం. అది తిన్నగా, ఎండలో తెల్లగా ఉంది. కొండమలుపు దగ్గర కాస్త దుమ్ము లేచింది. నాకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

"లిటిల్ రాక్," అన్నాడు ఆయన. "నీ బస్సే."

నీ తమ్ముడు
వెర్లిన్